బిగింపులో ఉంది భరోసా

పాత కారు కనిపిస్తే ఎవరైనా అడిగే ప్రశ్నలు మూడే. ఏ సంవత్సరం మోడలు? ఎంతకు కొన్నారు? ఎంత స్పీడు పోతుంది? పెట్రోలు ట్యాంకుకీ ఇంజినుకీ మధ్య ఎన్ని జాయింట్లు ఉన్నాయని మాత్రం ఇంతవరకూ నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి బోలెడు సంగతి ఉంది. ఎందుకంటే ఆ జాయింట్లు ఎంచుకోవడానికి నాకు పట్టిన కాలం, కారు ఎంచుకోవడానికి పట్టినదానికన్నా ఎక్కువ!

మేముండేది అమెరికాలో, డెట్రాయిట్ శివార్లలో. కార్లే ఈ ఊరికి కులదైవం. ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడి వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల తిరనాళ్ల జరుగుతుంది. 1995లో మొదలైన ఈ వేడుకకు తాతల నాటి కార్లన్నీ చింతపండుతో తోమిన ఇత్తడి బిందెల్లా మెరిసిపోతూ వస్తాయి. మా గ్యారేజీలో ఉన్నది 1966 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్. ఎనిమిది సిలిండర్లు, 4.7 లీటర్ల ఇంజిను. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంటుంది. స్టార్ట్ చేయడం మాత్రం ఒక వ్రతం.

అంబాసిడర్, ఫియట్ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ వ్రతం గురించి చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున్నే చోకు లాగాలి, యాక్సిలరేటర్‌ని రెండుసార్లు తొక్కాలి, మూడోసారి తొక్కితే ఇంజిను పెట్రోలు మింగేసి మొరాయిస్తుంది. ఇక మే నెల బెజవాడ ఎండలో ఇంకో తంతు. నడిరోడ్డు మీద కారు ఆగిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు కింద బీడీ కాల్చుకునేవాడు. (కాస్త దూరంగా వెళ్లి కాల్చేవాడులెండి!) ఇంజిను వేడికి గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరైపోతే పంపు ఆ ఆవిరిని తోయలేదు. అది చల్లబడేదాకా ప్రయాణం లేనట్టే.

మా మస్టాంగ్‌దీ అదే జబ్బు. దానికి తోడు కారంతా పెట్రోలు వాసన. "ఏమండీ, దిగిన రెండు గంటలకి కూడా చీర పెట్రోలు కంపే. మీ సరదా మీరు తీర్చుకోండి. నేనూ పిల్లా ఎక్కాలంటే మాత్రం ఆ వాసన పోవాలి" అని మా ఆవిడ ఖరాఖండిగా చెప్పేసింది. పిల్లంటే చిన్నపిల్ల కాదు. పదిహేడేళ్లది. లైసెన్సు చేతికొచ్చింది. వచ్చే తిరనాళ్లకి కారు తనే నడుపుతానని అప్పటికే స్నేహితురాళ్లకి మాటిచ్చేసింది కూడా.

అందుకే కార్బొరేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాలనుకున్నాను. ఇప్పుడు పాత కార్ల కోసమే ఇలాంటి కిట్లు దొరుకుతున్నాయి. చూడ్డానికి అచ్చం కార్బొరేటర్‌లాగే ఉంటుంది. అది ఉన్నచోటే కూర్చుంటుంది. లోపల మాత్రం ఇంజెక్టర్లు, పక్కన ఓ చిన్న కంప్యూటర్. వెయ్యి డాలర్లకు పైమాటే. పాతది విప్పి ఇది బిగించడం ఒక్కపూట పని అన్నారు. అదీ నిజమే. అయితే ఆ పెట్టెలోకి పెట్రోలు ఎలా వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. అక్కడ మొదలైంది నా చదువు.

కార్బొరేటర్‌కి పెట్రోలు అందించే పాత పంపు ఒత్తిడి ఐదారు పీఎస్ఐ. కారు టైరులో మనం కొట్టించే గాలి ముప్పై, ముప్పై రెండు. మేం కొన్న ఇంజెక్షన్ యూనిట్‌కి కావలసింది 58. అంటే టైరు గాలికి దాదాపు రెట్టింపు, పాత పంపుకి పది రెట్లు. వంటింటి లెక్కలో చెప్పుకుంటే కుక్కర్ విజిల్ వేసే ముందు లోపల ఉండే ఒత్తిడి సుమారు 15 పీఎస్ఐ. ఇది నాలుగు కుక్కర్ల పెట్టు. గ్యాస్ రెగ్యులేటర్ నుంచి పొయ్యికి వెళ్లే రబ్బరు ట్యూబులో ఉండేది 30 మిల్లీబార్లు. మా కారు గొట్టంలో ఉండబోయేది 4 బార్లు. నూటముప్పై రెట్లు!

ఈ ఒత్తిడి ఊరికే పెట్టింది కాదు. కుక్కర్లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగనట్టే, ఒత్తిడిలో ఉన్న పెట్రోలు కూడా గొట్టంలో అంత తేలిగ్గా ఆవిరి కాదు. పైగా ఇంజెక్షన్‌లో మిగిలిన పెట్రోలు ఇంకో గొట్టం గుండా తిరిగి ట్యాంకులోకి వెళ్లిపోతూ ఉంటుంది. ఒకేచోట నిలిచి వేడెక్కదు. తడిగుడ్డ అవసరం అక్కడితో తీరిపోతుంది. కానీ మేలు చేసే ఆ ఒత్తిడే జాయింటు వదులైతే కీడు చేస్తుంది. పాత పద్ధతిలో కారితే చుక్కచుక్కగా కారుతుంది. ఇక్కడ కారడం కాదు, దోమల మందు కొట్టినట్టు తుంపరగా చిమ్ముతుంది. పక్కనే మండిపోతున్న ఎగ్జాస్ట్ గొట్టం. అంతేనా, ఈ మోడల్ మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. మనం సామాన్లు పెట్టేది సాక్షాత్తూ ట్యాంకు మీదే. వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఉక్కు గోడేమీ ఉండదు. ఈ సంగతి తెలిశాక వెనక సీటులో కూర్చునే మా ఆవిడ, ముందు సీటులో స్టీరింగ్ పట్టుకునే మా అమ్మాయి కళ్ల ముందు మెదిలారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు స్పేర్‌పార్టుల దుకాణానికి వెళితే తల తిరిగింది. గొట్టాన్ని గొట్టంతో కలపడానికి ఇన్ని రకాల ముక్కలా! ఎర్రవి, నీలంవి, నల్లవి, ఇత్తడివి, స్టీలువి. బంగారుకొట్లో ముక్కుపుడకల్లా అద్దాల వెనక వరుసగా పేర్చి పెట్టారు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ రెండూ ఒకటి కాదు.

మా పక్కింటి పెద్దాయన కార్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనే నన్ను కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించారు. ఇంగ్లిషులో ఆయన చెప్పినదాని సారం ఇదీ: "మరలు పట్టి ఉంచడానికి. కారకుండా ఆపేది ఏమిటో ప్రతి ఫిట్టింగునీ అడుగు."

అలా అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి. మొదటిది అమెరికా ఇళ్లలో ప్లంబరు వాడే రకం. దీన్ని ఎన్‌పీటీ అంటారు. దీని మరలు కిందికి వెళ్లేకొద్దీ సన్నబడతాయి. బిగించేకొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అయినా సందులుంటాయి కనక పెట్రోలుకి తట్టుకునే పేస్టు పూయాలి. రెండోది ఏఎన్. ఆర్మీ, నేవీ అనే మాటల్లోని మొదటి అక్షరాలవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక విమానాల కోసం స్థిరపడిన కొలతలు. ఇందులో ఒకవైపు శంకువులాంటి మొన, రెండోవైపు దానికి సరిపడే గిన్నె. రెండూ 37 డిగ్రీల వాలులో ఉంటాయి. లోహం లోహాన్ని గట్టిగా ముద్దు పెట్టుకుంటుంది. అంతే, చుక్క బయటికి రాదు. మూడోది ఓ-రింగు రకం. మరలు ఏఎన్ మరల్లాగే తిన్నగా ఉంటాయి గానీ, కారకుండా ఆపేది మెడలో ఉన్న రబ్బరు ఉంగరం. నాలుగోది పాత కార్లలో, ఏసీ, ఫ్రిజ్ పనుల్లో కనిపించే 45 డిగ్రీల వాలు రకం.

చిక్కంతా ఇక్కడే ఉంది. 37కీ 45కీ తేడా ఎనిమిది డిగ్రీలు. కంటికి ఆనదు. గొట్టం సైజు పావు అంగుళమో, అంగుళంలో పదహారింట ఐదు వంతులో అయితే రెండు రకాల మరలూ ఒకటే. అందుకని ఇది అందులోకి చక్కగా ఎక్కుతుంది, బిగుస్తుంది, బిగిసిపోయినట్టే చేతికి తెలుస్తుంది. లోపల మాత్రం రెండు వాలులూ ఒక సన్నని గీత మీద తప్ప ఎక్కడా ఆనుకోవు. జాతకాలు కలవని పెళ్లి. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఇంజిను అదురుకి అసలు రంగు బయటపడుతుంది. మా కారులో ఫోర్డువాళ్లు వేసిన పాత ఇనుప గొట్టం సరిగ్గా ఆ పదహారింట ఐదు వంతుల సైజే!

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఇంటికి భోజనానికి వచ్చిన మిత్రుడొకాయన "ఇంత ఆలోచనెందుకు బాసూ, తెల్ల టేపు చుట్టి బిగించెయ్, కుళాయికి చుట్టమా?" అన్నాడు. కుళాయికి సరే. ఏఎన్ ఫిట్టింగుకి ఆ టేపుతో పనే లేదు. అక్కడ ఆపేది మరలు కాదు, శంకువు. పైగా టేపు పీలిక ఒక్కటి ఊడి లోపలికి పోతే ఇంజెక్టర్ కంతకి అడ్డం పడుతుంది. ఆ కంతలు ఎంత సన్నవంటే, పంపు తర్వాత పెట్టే ఫిల్టరు 10 మైక్రాన్ల నలకని కూడా ఆపాలంటారు. తల వెంట్రుక మందం అంతకు ఐదారు రెట్లు ఉంటుంది.

ఆదివారం ఫోనులో మా నాన్నతో ఈ గొడవంతా చెప్పాను. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్కు. జీవితమంతా డీజిల్ బస్సులే. డీజిల్ పైపుల జాయింట్లకి రాగి వాషర్లుంటాయి. ఒకసారి బిగించిన వాషరు గట్టిపడిపోతుంది. కొత్తది లేనప్పుడు దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడి సందు పూడుస్తుంది. చిన్నప్పుడు ఆయన అలా చేస్తుంటే నేను చూశాను. అంతా విని ఆయన "ఒరే నాన్నా, డీజిల్ కారితే బట్టలు పాడవుతాయి. పెట్రోలు కారితే ప్రాణాలు పోతాయి. డీజిల్ మీద అగ్గిపుల్ల పడినా ఒక్కోసారి ఆరిపోద్ది. పెట్రోలు అట్టా కాదు, మీ ఊళ్లో మంచు కురిసే చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటది" అన్నారు. కాసేపాగి "ఎన్ని జాయింట్లు పెడుతున్నావు?" అని అడిగారు. పద్నాలుగు అన్నాను. "తగ్గించు. కారని జాయింటు ఒక్కటే, అసలు లేని జాయింటు" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా పటం మారిపోయింది. పద్నాలుగు ఎందుకయ్యాయంటే, పాత ఇనుప గొట్టాన్ని వాడుకుందామనుకోవడం వల్ల. దాని వాలు వేరు, సైజు వేరు. దానికి ఒక మార్పిడి ముక్క, ఆ ముక్కకి ఇంకో ముక్క. పాత గొట్టం మొత్తం తీసేసి, ట్యాంకు నుంచి ఇంజిను దాకా ఒకే రకం, ఒకే సైజు పెడితే? ఏఎన్‌లో 6 నంబరు అంటే అంగుళంలో పదహారింట ఆరు వంతులు. మన లెక్కలో మూడెనిమిదో వంతు అంగుళం. మా ఇంజినుకి అది చాలు. పంపుని ట్యాంకు లోపలే పెట్టించాం. అక్కడైతే పెట్రోలులోనే మునిగి చల్లగా ఉంటుంది, రొద కూడా తక్కువ. వెళ్లే దారిలో ట్యాంకు దగ్గర ఒకటి, ఫిల్టరుకి రెండు వైపులా రెండు, ఇంజెక్షన్ యూనిట్ దగ్గర ఒకటి. తిరిగొచ్చే దారిలో రెండు చివర్లా రెండు. పద్నాలుగు కాస్తా ఆరయ్యాయి.

ఇక గొట్టం సంగతి. దుకాణాల్లో మామూలు పెట్రోలు హోస్ అని దొరికేది కార్బొరేటర్ల కోసం చేసింది. దాని మీద జే30ఆర్7 అని ఉంటుంది. దాని హద్దు 50 పీఎస్ఐ. మాకు కావలసింది 58. ఇంజెక్షన్ కోసం చేసిన హోస్ మీద ఆర్9 అని ఉంటుంది. దాని హద్దు 100. రెండూ నల్లగానే ఉంటాయి, లావూ ఒకటే, ధరే తేడా. మా కారుని మాకు అమ్మినాయన ఎక్కడ చూసినా మొదటి రకాన్నే వాడాడు. దాన్ని మరచుట్టు క్లిప్పులతో బిగించాడు. ఆ క్లిప్పు పట్టీకి గాట్లుంటాయి. బిగించినకొద్దీ అవి రబ్బరుని కోస్తాయి. విప్పి చూస్తే హోసు మీద రంపంతో గీసినట్టు గాట్లు. మా ఆవిడ చీరకంటిన వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

రబ్బరుకి ఇంకో శత్రువు ఎథనాల్. అమెరికాలో చాలా బంకుల్లో పోసే పెట్రోలులో పది శాతం దాకా అదే. మన దేశంలో 2025కల్లా ఇరవై శాతం చేశారు. 1966లో ఈ కారుకి గొట్టాలు వేసినవాళ్లు ఈ రోజు వస్తుందని కల కనలేదు. ఎథనాల్ కలిసిన పెట్రోలుకి పాతరకం రబ్బరు ఉబ్బుతుంది, పగులుతుంది, వాసననూ బయటికి వదులుతుంది. అందుకే లోపల టెఫ్లాన్ పొర, పైన స్టీలు తీగల అల్లిక ఉన్న హోస్ తీసుకున్నాం. మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూతే అది. పెట్రోలు, ఎథనాల్ రెండూ దాన్నేమీ చేయలేవు. అయితే అందులోనూ చూసుకోవలసినవి రెండున్నాయి. టెఫ్లాన్‌లో పెట్రోలు జోరుగా పారితే స్థిర విద్యుత్తు పుట్టి పోగవుతుంది. అందుకని కార్బన్ కలిపిన నల్లని లోపొర ఉన్నదే అడిగి తీసుకోవాలి. రెండోది, రబ్బరు హోస్ ఫిట్టింగులు దీనికి పనికిరావు. దీని ఫిట్టింగులో చిన్న ఇత్తడి ఉంగరం ఉంటుంది, అదే టెఫ్లాన్‌ని కరిచి పట్టుకుంటుంది.

పైనున్న ఆ స్టీలు అల్లిక అందంగా ఉంటుంది గానీ గుణం రంపంలాంటిది. కారు కదిలినప్పుడల్లా తనకి తగిలిన ప్రతిదాన్నీ కోస్తుంది. అందుకని జానెడు జానెడుకో రబ్బరు పొదిగిన పట్టీతో కారు అడుగుకి బిగించాం. ఎగ్జాస్ట్‌కి దూరంగా, తిరిగే షాఫ్టుకి దూరంగా, చక్రం కిందనుంచి రాయి ఎగిరినా తగలని చోట. మలుపు దగ్గర హోసుని విరిచి వంచకుండా మోచేతిలా వంగిన ఫిట్టింగు పెట్టాం.

బిగించే రోజు మా అమ్మాయే పానా పట్టుకుంది. "నడిపేదాన్ని నేనే కదా నాన్నా, నేనే బిగిస్తా" అంది. ఈ ఫిట్టింగులు అల్యూమినియంవి. మెత్తన. ఇనుప పానా పెడితే చెక్కుకుపోతాయి. వాటికి అల్యూమినియం పానాలే వేరే ఉంటాయి. మరల మీద ఓ చుక్క నూనె, చేత్తో తిప్పగలిగినంత దూరం చేత్తోనే, ఆ తర్వాత పానాతో కొంచెం. పక్కింటి పెద్దాయన ప్రతి జాయింటు మీదా తెల్ల పెయింటుతో సన్నగా ఓ గీత గీయించారు. నట్టు ఏ మాత్రం కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. "ఇంకొంచెం బిగించనా?" అని అమ్మాయి అడిగితే, వీడియో కాల్‌లో చూస్తున్న మా నాన్న "వద్దమ్మా. వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. చిట్లితే ఏం చేస్తావు?" అన్నారు.

ఇంజిను స్టార్ట్ చేయకుండా ముందు పంపు మాత్రమే నడిపాం. మీటరు ముల్లు 58 దగ్గర నిలబడింది. ఒక్కో జాయింటు చుట్టూ కాగితపు రుమాలు చుట్టి కాసేపాగి విప్పాం. తడి కంటికి కనపడకపోయినా కాగితం దాచలేదు. ఆరు రుమాళ్లూ పొడిగా వచ్చాయి. అయినా సరే, ప్రమాదంలో కుదుపు తగిలితే పంపుకి కరెంటు ఆపేసే స్విచ్చు ఒకటి పెట్టించాం. ఇంజిను ఆగితే పంపుని కంప్యూటరే ఆపుతుంది. కానీ కారు గుద్దుకున్నా ఇంజిను తిరుగుతూనే ఉంటే? ఆ ఒక్క ప్రశ్న కోసం ఆ స్విచ్చు. చేతికందేచోట మంటలార్పే చిన్న సిలిండరు. మా ఆవిడ వచ్చి వెనక సీటులో పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంది. లేచి "వాసన లేదు" అంది. మాకు అంతకు మించిన సర్టిఫికెట్ ఇంకేం కావాలి?

ఆ ఆగస్టులో వుడ్‌వర్డ్ మీద మా అమ్మాయి కారు నడిపింది. చోకు లేదు, తడిగుడ్డ లేదు. దారి పొడవునా జనం చేతులూపారు. వాళ్లు మెచ్చుకున్నది రంగునీ శబ్దాన్నీ. నేను మాత్రం ఎవరికీ కనపడని ఆ ఆరు గీతల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మన పక్కన కూర్చునేవాళ్లు మనల్ని నమ్మి కూర్చుంటారు. బిగింపు సరిగ్గా ఉందా లేదా అని వాళ్లు వంగి చూడరు. చూడవలసింది మనమే.

ఇప్పుడు ఏటా మంచు కరిగాక మా ఇంట్లో ఓ చిన్న కార్యక్రమం ఉంటుంది. అమ్మాయి టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరి, ఆరు గీతలూ చూసి, హోసుకి కట్టిన చీటీ మీద తారీఖు వేస్తుంది. పాత కారు లేకపోతేనేం, ఇలాంటి గొట్టం మీ ఇంట్లోనూ ఒకటుంది. గ్యాస్ పొయ్యి వెనక నారింజ రంగు సురక్షా ట్యూబు. ఐదేళ్లకోసారి మార్చాలంటారు. దాని మీద సంవత్సరం అచ్చేసి ఉంటుంది. ఈ ఆదివారం కాఫీ పెట్టుకునే ముందు ఒక్కసారి వంగి చూడండి.